పాత ఫోర్ బై ఫోర్: కొనేది బండినా, కాగితాన్నా?

ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లు పొడిగించుకోవాలంటే ఇప్పుడు రుసుము 10,000 రూపాయలు. అదే వయసు బండి ఆర్సీలో దిగుమతి అని ఉంటే 80,000. కేంద్ర రవాణా శాఖ 2025 ఆగస్టులో తెచ్చిన పట్టిక ఇది. 2022 ఏప్రిల్‌కు ముందు దిగుమతి కారుకు 5,000 కట్టేవాళ్లు. ఆ తర్వాత 40,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి ఇప్పుడు దానికి రెట్టింపు. టార్పాలిన్ కింద యుద్ధకాలం నాటి విల్లీస్ జీపో, గల్ఫ్‌లో పనిచేసినాయన తెచ్చుకున్న ల్యాండ్ క్రూజరో ఉన్న ఇంట్లో ఈ అంకె మీద గట్టి చర్చే జరుగుతుంది. ఉంచుకోవాలా, అమ్మాలా, ఉంచుకుంటే ఏం మార్పించాలి, మార్పిస్తే చట్టం ఒప్పుకుంటుందా అన్న ప్రశ్నలన్నీ ఒకేసారి మీద పడతాయి. వీటిని విడివిడిగా చూస్తే సగమే అర్థమవుతాయి కాబట్టి కలిపే చూద్దాం.

పటాన్‌చెరు పక్కనున్న ఇంద్రేశంలో ఉండి ఈ విషయం రాయడానికి కారణముంది. చుట్టుపక్కల బండికి కావలసిన పనితనమంతా ఉంది. జహీరాబాద్‌లో ఇవాళ మహీంద్రా నడుపుతున్న కర్మాగారం 1980లలో హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్‌తో కలిసి తేలికపాటి ట్రక్కులు చేసిన చోటు. సదాశివపేట దగ్గర ఎంఆర్‌ఎఫ్ టైర్లు తయారవుతాయి. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సైన్యానికి బీఎంపీ అనే సాయుధ శకటాలు కట్టింది. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం వీధుల్లో లేత్, మిల్లింగ్, గేర్ కటింగ్, హీట్ ట్రీట్‌మెంట్ షెడ్లు వరసగా కనిపిస్తాయి. మార్కెట్లో దొరకని బుష్ కావాలంటే కొలత ఇస్తే సాయంత్రానికి తిప్పిచ్చేవాళ్లు ఉన్నారు. ఇనుము పని తెలిసిన చేతులకు ఇక్కడ కొదవ లేదు. ఆ పని బాగుందో లేదో పరీక్షించి సంతకం పెట్టే ఏర్పాటు మాత్రం లేదు. పాత బండ్ల సమస్యలన్నిటికీ మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు ఏ బండ్ల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. తెలుగునాట విదేశీ జీపు అని పిలిచే వాటిలో చాలా భాగం విదేశంలో పుట్టి ఇక్కడ పెరిగినవి. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం ముగిశాక అమెరికన్ సైన్యం మన దేశంలో వదిలేసిన బండ్లు మిగులు సరుకు కింద అమ్ముడుపోయాయి. అసలైన దిగుమతి జీపులంటే అవే. 1947లో మహీంద్రా సంస్థ విడిభాగాలు తెప్పించి విల్లీస్ జీపుల్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. వాటిలో ఎత్తు బానెట్ సీజే-3బి అమెరికాలో 1968లో ఆగిపోయినా, దాని మూస ఇక్కడ దశాబ్దాలపాటు కొనసాగింది. పెట్రోలు ఇంజిను పోయి డీజిల్ వచ్చింది. మొదట ట్రాక్టర్ల కోసం చేసిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఇంజిను, తర్వాత ఫ్రెంచి పెజో ఇంజిను దాని బానెట్ కింద చేరాయి. 1980ల నాటి ఎంఎం 540 ఆ వంశమే. పాడేరు, అరకు ఏజెన్సీ గ్రామాల్లో మనుషుల్ని, బస్తాల్ని మోసిన కమాండర్ జీపులూ ఆ వంశంలోవే. అక్కడ అది సరదా బండి కాదు. బస్సు రాని ఊరికి ఆసుపత్రి దారి.

జోంగా కథ ఇంకోటి. జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ నిస్సాన్ పెట్రోల్ 60 మోడల్‌ను లైసెన్సు మీద సైన్యానికి కట్టింది. ‘జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ’ అన్న పేరులోని ఇంగ్లీషు తొలి అక్షరాలే బండి పేరయ్యాయి. 3,956 సీసీ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిను కావడంతో లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు వస్తే గొప్ప. 1999లో ఉత్పత్తి ఆగింది. సైన్యం వేలంలో వదిలించుకున్న జోంగాలను కొన్నవాళ్లు ఎక్కువమంది ఆ ఇంజిను తీసేసి డీజిల్ పెట్టుకున్నారు. 2021 అక్టోబర్‌లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను కంపెనీలుగా విడగొట్టినప్పుడు జబల్‌పూర్ ఫ్యాక్టరీ, మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. అదే ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్. అంటే జోంగా కట్టిన ఫ్యాక్టరీ, ఇంద్రేశం నుంచి గంటలోపు చేరే ఫ్యాక్టరీ ఇవాళ ఒకే ఇంటివి.

ఇక జిప్సీ. 1985 డిసెంబర్‌లో మారుతి తెచ్చిన ఈ బండి జపాన్ సుజుకి ఎస్‌జే వంశానిది. 970 సీసీ ఇంజినుతో మొదలై, 1996లో జిప్సీ కింగ్‌గా 1,298 సీసీకి పెరిగింది. టన్ను లోపు బరువు, నాలుగు వైపులా కమాన్ పట్టీలు, సాదా యంత్రం. బురదలో ఇరుక్కుంటే నలుగురు చేయి వేసి నెట్టి బయటపెట్టగలరు. పోలీసు శాఖ, అటవీ శాఖ, సైన్యం ముప్పై ఏళ్లకు పైగా నమ్ముకున్న బండి అది.

అచ్చమైన దిగుమతి బండ్లు వీటికన్నా చాలా తక్కువ. ల్యాండ్ క్రూజర్లు, పాత ల్యాండ్ రోవర్లు, పూర్తిగా తయారై వచ్చిన పజేరోలు ఈ కోవలోవి. రాయబార కార్యాలయాలు వాడి అమ్మినవి కొన్ని, విదేశాల నుంచి కాపురం మార్చుకుని వస్తూ తెచ్చుకున్నవి కొన్ని. ఈ వరసకు ఇప్పుడు కొత్త చేర్పు దాదాపు లేదు. వాడిన బండిని దిగుమతి చేసుకోవాలంటే సాధారణంగా అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి అన్నది మన దిగుమతి విధానం. అమెరికాలో దీనికి తలకిందుల నియమం. అక్కడ పాతికేళ్లు దాటిన బండికి సమాఖ్య భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు దొరుకుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుర్రవాడు జపాన్ నుంచి పాతికేళ్ల పజేరోను చట్టబద్ధంగా తెప్పించుకోగలడు. పటాన్‌చెరులో ఉన్న వాళ్లన్నయ్యకు అదే బండి తెచ్చుకునే దారి లేదు.

దారి లేనిచోట దొంగదారి పుడుతుంది. 2025 సెప్టెంబర్‌లో కస్టమ్స్ అధికారులు కేరళలో ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో సోదాలు చేసి, భూటాన్ మీదుగా వచ్చాయని అనుమానించిన బండ్లను స్వాధీనం చేసుకున్నారు. వాటిలో పాత ల్యాండ్ క్రూజర్లు, డిఫెండర్లు ఉన్నాయి. నకిలీ కాగితాలతో ఇతర రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ చేయించారన్నది ఆరోపణ. అదే ఏడాది హైదరాబాద్ కేంద్రంగా విలాస కార్లు దిగుమతి చేసిన కేసులో, విలువ తగ్గించి చూపి కోట్ల రూపాయల సుంకం ఎగ్గొట్టారన్న ఆరోపణ మీద రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగం (డీఆర్‌ఐ) ఒక వ్యాపారిని అరెస్టు చేసింది. ఇలాంటి బండిని మూడో చేతి మీదో నాలుగో చేతి మీదో కొన్నవాడికి ముందు కథ తెలియకపోవచ్చు. అయినా బండిని పట్టుకుపోయేది అతని ఇంటి ముందు నుంచే.

అందుకే పాత ఫోర్ బై ఫోర్ కొనేటప్పుడు బానెట్ ఎత్తడానికి ముందు ఆర్సీ చూడాలి. ఛాసిస్ మీద కొట్టిన నంబరును సుద్దముక్కతో రుద్ది, వెలుతురులో చదివి, ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చాలి. నంబరు చుట్టూ గ్రైండర్ గుర్తులున్నా, ఆ ముక్క చుట్టూ వెల్డింగ్ కనిపించినా అక్కడితో మాట ముగించాలి. ఆర్సీలో పెట్రోలు అని ఉండి బండిలో డీజిల్ ఇంజిను ఉంటే, ఆ మార్పును ఆర్టీవో కార్యాలయం నమోదు చేసిన కాగితం అడగాలి. సైన్యం వేలంలో కొన్న బండైతే వేలం విడుదల పత్రం దగ్గర్నుంచి తొలి పౌర రిజిస్ట్రేషన్ వరకు గొలుసు తెగకుండా ఉండాలి. సైన్యం బండికి సైన్యంలో ఉన్నంతకాలం వేరే రిజిస్ట్రేషన్. బయటికొచ్చాక కొత్తగా చేయించుకోవాల్సిందే. హర్యానాలోని డబ్వాలీ నుంచి లారీ మీద వచ్చే ఓపెన్ జీపుల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అక్కడ పాత భాగాలతో కొత్తగా జీపు కట్టడం పెద్ద పరిశ్రమ. బాడీ తళతళలాడుతుంది, రంగు బాగుంటుంది. కానీ ఆ బండి చట్టం దృష్టిలో ఏ సంవత్సరంలో పుట్టిందన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది ఆర్సీ ఒక్కటే. పక్క రాష్ట్రం బండైతే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) రాకుండా పూర్తి డబ్బు చేతిలో పెట్టడం ప్రమాదం.

ఇంకో విషయం. మంచి పాత బండ్లు బయటికి వచ్చే తలుపు మూసుకుంటోంది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ 1 నుంచి తుక్కుకు పంపాలని కేంద్రం నిర్ణయించింది. ఒకప్పుడు ప్రభుత్వ శాఖల వేలాల్లో దొరికిన జీపులు, జిప్సీలు ఇక చాలావరకు స్క్రాప్ కేంద్రానికే పోతాయి. కాబట్టి ఇవాళ సరైన కాగితాలతో ఉన్న జిప్సీ ధర తగ్గుతుందని ఎదురుచూడటం వృథా.

మార్పుల దగ్గరికి వద్దాం. అందరూ మొదట చేసేది పెద్ద టైర్లు వేయడం. చూడ్డానికి బాగుంటుంది, నేల నుంచి ఎత్తు పెరుగుతుంది. కానీ టైరు మారిస్తే బండి లెక్కలన్నీ మారతాయి. 28 అంగుళాల వ్యాసమున్న టైరు తీసి 33 అంగుళాలది వేశారనుకోండి. చక్రం ఒక్కసారి తిరిగితే బండి వెళ్లే దూరం దాదాపు 18 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 60 చూపుతుంటే బండి 70 దాటి పోతుంటుంది. పాత మహీంద్రా జీపుల డిఫరెన్షియల్ నిష్పత్తి 5.38. ఈ టైర్లతో అది 4.56 ఉన్నట్టు పనిచేస్తుంది. అంటే ఎత్తు ఎక్కడానికి కావలసిన లాగుడు ఆ మేరకు తగ్గిపోతుంది. ఎక్కడం కోసం వేసిన టైరు ఎక్కే బలాన్నే తినేస్తుంది. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడాలి. డ్రమ్ బ్రేకులున్న పాత జీపు మామూలుగానే ఆలస్యంగా ఆగుతుంది, నీళ్లలో దిగి వచ్చాక ఇంకా ఆలస్యం. స్టీరింగు బాల్ జాయింట్లు, కింగ్‌పిన్ బేరింగులు, యాక్సిల్ షాఫ్ట్‌లు అన్నీ తమ కోసం రూపొందించని భారాన్ని మోస్తాయి. పెద్ద టైర్లు వేసిన జీపు రోడ్డు మీద ఒక్కసారిగా ముందు చక్రాలు దడదడలాడి స్టీరింగు చేతిలోంచి జారేలా ఊగుతుంది. చాలాసార్లు దాని కారణం టైర్లలో కన్నా ముందే అరిగి ఉన్న ఈ భాగాల్లో ఉంటుంది.

రెండోది బండిని పైకెత్తడం. కమాన్ కింద దిమ్మలు పెట్టో, షాకిల్ పొడవు పెంచో, కొత్త కమాన్లు వేసో ఎత్తుతారు. ఎత్తినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి క్రాస్‌లు త్వరగా పోతాయి. దానికన్నా ముఖ్యమైనది బోల్తా. బండి పక్కకు తిరగబడకుండా ఆపేవి ప్రధానంగా రెండు కొలతలు, ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పు, గురుత్వ కేంద్రం ఎత్తు. సీజే-3బి చక్రాల మధ్య వెడల్పు 1.23 మీటర్లే. అలాంటి బండిని నాలుగు అంగుళాలు పైకెత్తి, పైన క్యారియర్ బిగించి, దాని మీద స్టెపినీ, జాక్, డీజిల్ డబ్బాలు పెడితే ఔటర్ రింగ్ రోడ్డు దిగే వంపులో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. 1993లో మారుతి జిప్సీ చక్రాల మధ్య వెడల్పును తానే 90 మిల్లీమీటర్లు పెంచింది. అమెరికాలో జిప్సీకి సోదరుడైన సుజుకి సమురాయ్ బోల్తా పడుతుందని 1988లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక రాస్తే, కంపెనీ 1996లో వేసిన దావా 2004 దాకా నడిచి రాజీతో ముగిసింది. తయారీదారే కోర్టులో ఎనిమిదేళ్లు వాదించిన విషయాన్ని మనం షెడ్డులో ఒక మధ్యాహ్నం తేల్చేయలేం.

ఇంజిను మార్పిడి మూడోది. క్వాలిస్ డీజిల్, అంబాసిడర్‌లో వచ్చిన ఇసుజు డీజిల్, బొలెరో ఇంజిను, వీటిని జీపుల్లో బిగించడం మన మెకానిక్‌లకు కొత్త కాదు. విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్ చుట్టుపక్కలా ఇది ఏళ్లుగా జరుగుతున్న పని. కష్టం ఇంజిను దింపడంలో లేదు. దాని టార్కును పాత గేర్‌బాక్సు, పాత ట్రాన్స్‌ఫర్ కేసు తట్టుకుంటాయా, రేడియేటరు చాలుతుందా, ముందు కమాన్లు ఆ బరువుకు సరిపోతాయా అన్నవి చూసుకోవాలి. 60 హార్స్‌పవర్ కోసం గీసిన ఛాసిస్‌కు బలం రెట్టింపు చేసి, బ్రేకులు పాతవే ఉంచడం నేరంతో సమానమని నా అభిప్రాయం.

అసలు మార్పు అన్నది బలం పెంచడంతో మొదలు కాకూడదు. బ్రేకులు, స్టీరింగు, వైరింగు, సీటు బెల్టు, ఈ నాలుగూ సరిచేశాక మిగిలిన డబ్బుతో మిగతావి ఆలోచించాలి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, రెండు విడి సర్క్యూట్లున్న మాస్టర్ సిలిండర్, కొత్త ఇంధన గొట్టాలు, ప్రతి లైనుకూ ఫ్యూజు, ఇవి ఫొటోలో కనిపించవు. మనిషి ప్రాణం వీటి మీదే ఆధారపడి ఉంటుంది. మన వాడలోని షెడ్ల పనితనం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. బుష్‌లు, స్పేసర్లు, బ్రాకెట్లు, ఎడాప్టర్ ప్లేట్లు లేత్ మీద తిప్పించుకోవచ్చు. యాక్సిల్ షాఫ్ట్‌ను సరైన మిశ్రమ ఉక్కుతో చేయించి హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపవచ్చు. మెత్తటి ఇనుముతో తిప్పించి ఊరుకుంటే మాత్రం మెలిపడి విరుగుతుంది. స్టీరింగు నకిల్, డ్రాగ్ లింక్, టై రాడ్ లాంటివి విరిగితే వెల్డింగ్ చేయించి మళ్లీ వాడకూడదు. ఎంత మంచి వెల్డర్ అయినా సరే. కొత్తదో, పగుళ్లు లేవని పరీక్షించిన పాతదో వేయాల్సిందే.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంది. ముందు భాగంలో బిగించే బుల్ బార్లు వద్దని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. పాదచారిని గుద్దినప్పుడు ఆ ఇనుప కడ్డీ చేసే హాని తెలిసినవాళ్లెవరూ దాన్ని సమర్థించలేరు. ఇక బీమా సంస్థకు చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే సొంత నష్టం క్లెయిము తిరస్కరించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

పాత బండిని ప్రేమించేవాళ్లకు 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు ఒక వెసులుబాటు. 50 ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలతో పదేళ్ల ప్రత్యేక రిజిస్ట్రేషన్, తర్వాత పొడిగింపుకు 5,000. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరుగుడుకు పనికిరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి తీసుకెళ్లవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిను చెప్పుకోదగ్గ మార్పు లేకుండా ఉండాలి. మన ప్రాంతంలో యాభై ఏళ్లు దాటిన జీపుల్లో ఎక్కువ భాగం ఎప్పుడో డీజిల్‌కు మారిపోయాయి. పెట్రోలు ఖర్చు భరించలేని రైతో కాంట్రాక్టరో నలభై ఏళ్ల కింద బతుకుతెరువు కోసం చేసిన మార్పు ఇవాళ ఆ జీపును వింటేజ్ గౌరవానికి దూరం చేస్తోంది. ఆ మార్పు కూడా ఆ బండి చరిత్రేనని నిబంధన రాసినవాళ్లు గుర్తించి ఉండాల్సింది.

బండి జీవితకాలం ఇంకా పెంచాలనుకునేవారికి విద్యుత్ దారి ఒకటి తెరుచుకుంది. పరీక్షలో నెగ్గి ఆమోదం పొందిన కిట్‌తో పాత బండిని ఎలక్ట్రిక్‌గా మార్చుకుని ఆర్సీలో రాయించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో సైన్యం తన పాత జిప్సీని ఇలా మార్చి చూపించింది. ఖర్చు, బ్యాటరీ బరువు ఇంకా అడ్డంకులే. అయినా ఒక విషయం రుజువైంది. మార్పును పరీక్షించి ఒప్పుకునే పద్ధతి మన చట్టంలోనే ఉంది. అది గ్యాస్ కిట్లకు, విద్యుత్ కిట్లకు పనిచేస్తున్నప్పుడు డిస్కు బ్రేకులకు, పవర్ స్టీరింగుకు, రోల్ కేజ్‌కు ఎందుకు పనిచేయకూడదు?

ఇతర దేశాల్లో ఇది జరుగుతోంది. జర్మనీలో మార్చిన బండిని గుర్తింపు పొందిన సంస్థ ఇంజినీరు పరీక్షించి కాగితంలో నమోదు చేస్తాడు. బ్రిటన్‌లో ఒక్కొక్క వాహనాన్ని విడిగా పరీక్షించి ఆమోదించే విధానముంది. ఆస్ట్రేలియాలో తేలికపాటి వాహనాల మార్పులకు జాతీయ నియమావళి ఉంది. ఏ మార్పు సొంతంగా చేసుకోవచ్చు, దేనికి ఇంజినీరు ధ్రువపత్రం కావాలి అన్నది ముందే రాసి ఉంటుంది. మన దగ్గర ఇలాంటి మార్పులకు దాదాపు నిషేధమే ఉండటంతో, మంచి బ్రేకులు వేసుకున్నవాడూ కళ్లు మిరుమిట్లు గొలిపే లైట్లు పెట్టుకున్నవాడూ ఒకే గాటన పడుతున్నారు. బాధ్యతగా పని చేసే మెకానిక్‌కు బిల్లు ఇవ్వడానికే భయం. బిల్లు లేని పనికి హామీ ఉండదు, హామీ లేని పనికి నాణ్యత అడిగే హక్కు ఉండదు.

ఎక్కడ నడపాలన్నది కూడా ఇందులో భాగమే. నర్సాపూర్ అడవిలోకో, సింగూరు నీళ్ల అంచుకో అనుమతి లేకుండా బండి దింపడం తప్పు. అటవీ భూమి ఆటస్థలం కాదు, మంజీర నీళ్లు తాగునీళ్లు. రైతు ఒప్పుకున్న బీడు భూమిలో, ఏర్పాటు చేసిన ట్రాక్‌ల మీద నడిపేవాళ్లే ఈ ఇష్టానికి గౌరవం తెస్తారు.

కొనాలనుకునేవారికి నా తీర్పు ఇది. అచ్చమైన దిగుమతి బండిని, దాని తొలి దిగుమతి పత్రం చేతిలో ఉంటే తప్ప కొనకండి. ఉన్నా, 80,000 రుసుము, విడిభాగాల ఖర్చు లెక్కలో వేసుకున్నాకే కొనండి. విదేశీ రక్తమున్నా ఇక్కడ తయారైన జిప్సీ, ఎంఎం 540 లాంటివి మామూలు కుటుంబానికి మేలు. భాగాలు దొరుకుతాయి, చేయి తెలిసిన మెకానిక్ దొరుకుతాడు, రుసుము 10,000తో పోతుంది. కొన్నాక తయారీదారు ఇచ్చిన కొలతలకు తిరిగి తీసుకురండి. మార్పులు ఆ తర్వాత, ఆర్టీవో రాతపూర్వక అనుమతితో మాత్రమే.

తెలంగాణ రవాణా శాఖకు ఒక విన్నపం. కందిలో ఐఐటీ ఉంది, ఎద్దుమైలారంలో సైనిక వాహనాలు కట్టే ఇంజినీర్లున్నారు, పటాన్‌చెరులో పరీక్షించే యంత్రాలున్న పరిశ్రమలున్నాయి. పాత వాహనాలకు భద్రత పెంచే మార్పులను పరీక్షించి ధ్రువీకరించే ఒక కేంద్రాన్ని సంగారెడ్డి జిల్లాలో ప్రయోగంగా పెట్టమని కేంద్రాన్ని అడగండి. బ్రేకులు, స్టీరింగు, సీటు బెల్టులు, రోల్ కేజ్, ఈ నాలుగింటితో మొదలుపెట్టినా చాలు.